పన్నెండో గాలం

లింబాద్రి నైలాను దారాన్ని కింది పెదవి మీదుగా మెల్లగా లాగుతున్నాడు. బారెడు దారం వచ్చాక ఆగి, కళ్లు మూసుకుని, వెనక్కి లాగి చూశాడు. ఒకచోట గోటి గీతంత గరుకు తగిలింది. జేబులోంచి చిన్న కత్తెర తీసి అక్కడికి తెంపి, ఆ ముక్కను ఉండ చుట్టి చెత్తడబ్బాలో పడేశాడు. చేప బలంగా గుంజినప్పుడు దారం తెగేది అలాంటి చోటే. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుందని చిన్నప్పుడు తండ్రి చెప్పాడు. తండ్రి వల దారాన్ని అలా చూసేవాడు. లింబాద్రి ఎర్రసముద్రం ఒడ్డున, యాన్బు రేవు పక్కన ఈ గాలాల దుకాణంలో పదకొండేళ్లుగా, పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తగానే, అలాగే చూస్తున్నాడు. ఇవాళ సాయంత్రం వ్యానెక్కి జెద్దా వెళ్లి, అక్కడ విమానం ఎక్కి, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోబోతున్న మనిషికి ఆ దారం బాధ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అతనికి మాత్రం ఆ ప్రశ్న తట్టలేదు.

నలభై ఏడేళ్ల మనిషి, పొట్టి. వలలు విసిరిన భుజాలు కాబట్టి ఇంకా వెడల్పుగానే ఉన్నాయి గానీ, కూర్చుని అమ్మే పని వల్ల పొట్ట ముందుకొచ్చింది. మీసం నెరిసింది, జుట్టు నెరవలేదు. అది రంగు మహిమేనని దుకాణంలో తోటి మనిషి మస్తాన్ వలీ అంటాడు, లింబాద్రి ఒప్పుకోడు. కుడి బొటనవేలి కొసన ఎప్పుడో గాలం దిగిన మచ్చ ఉంది. లింబాద్రి అన్న పేరు అరబ్బుల నోట తిరగక లైమూన్ అయింది. లైమూన్ అంటే నిమ్మకాయ. మొదట్లో ఉడుక్కున్నాడు. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తేనే ఒక క్షణం ఆలస్యంగా తిరిగి చూసేవాడు.

"ఏంది లింబన్నా, ఈ పొద్దు గూడా దారం నాకతాండావు?" అంటూ మస్తాన్ వలీ లోపలికి వచ్చాడు. కడప దగ్గరి మనిషి. దుకాణం వ్యాను తోలుతాడు. లింబాద్రికి ఈ ఊళ్లో తెలుగులో తిట్టడానికీ తిట్టించుకోవడానికీ ఉన్నది అతనొక్కడే.

"నాకుడు గాదు వలీ బాయ్, చూసుడు. నేను పోయినంక నువ్వు చూస్తవా?"

"నాకెందుకు బ్బా ఆ పెదవుల పని. నేను బండి తోలేటోన్ని. ఆ బ్యాగు ఇట్టియ్యి, ఇప్పుడే బండిలో ఏసేస్తా. మల్లా సాయంత్రం ఉరుకులాడాల."

లింబాద్రి తన ఒక్కగానొక్క బ్యాగును తీసిచ్చాడు. అందులో భార్య ముత్యవ్వకు రెండు చీరలు, ఒక దుప్పటి, టార్చిలైటు, కొన్ని సబ్బులు.

"మరి నీ పైపో?"

"అది చేతిల పట్టుకుంట. దాన్ని బండిల ఎయ్యకు."

మస్తాన్ వలీ నవ్వాడు. ఆ పైపు సంగతి అతనికి తెలుసు. ఎక్కడో ఇల్లు కడుతున్న చోట మిగిలిన ప్లాస్టిక్ గొట్టం ముక్కను తెచ్చిచ్చింది తనే. నాలుగడుగుల పొడవు. లింబాద్రి దాని అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, లోపల గుడ్డ అతికించి, రెండు చివరలకూ మూతలు బిగించాడు. రెండు ముక్కలుగా విడదీసిన గాలపుకర్ర అందులో సరిగ్గా పడుతుంది. ఆ కర్ర వెనక గదిలో, ఒక పాత అట్టపెట్టె వెనక మూలన, ఎనిమిదేళ్లు దాటినా అమ్ముడుపోకుండా నిలబడి ఉంది. అమ్ముడుపోలేదు అనడం కంటే, అమ్మలేదు అనడం సరి.

దాని గురించి ముత్యవ్వకు కూడా తెలుసు. పోయిన నెల ఫోన్లో ఆమె అలవాటుగా దెప్పింది. "పదకొండేండ్ల సంది గాలాలమ్ముతున్నవ్, ఒక్క పరకపిల్లనన్న పట్టినవా? ఊళ్లె అందరు నన్నడుగుతున్నరు."

"అచ్చినంక కొర్రమట్టను పట్టి నీ చేతుల పెడ్త. అప్పటిదాంక ఊకో."

"ఆ, పట్టినవ్ తియ్యి!" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం అతను ఇంకో కార్డు గీకి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఏం మాట్లాడాలో తోచక వర్షాల గురించి అడిగి పెట్టేశాడు.

పది గంటలకు కఫీల్ అబూ సాలెహ్ వచ్చాడు. దుకాణం అతనిదే, లింబాద్రి వీసా కూడా అతనిదే. ఒకప్పుడు పడవ నడిపిన ముసలాయన. మోకాళ్లు పట్టేసి కర్ర సాయంతో నడుస్తున్నాడు. పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, అందులో ఖురూజ్ ముద్ర ఉన్న పేజీ తెరిచి చూపించాడు. ఆ ముద్ర పడితే ఇక దేశం విడిచి వెళ్లడమే, రాకడ లేదు.

"పెట్టె ఖాళీ అయిందా లైమూన్?" అన్నాడు కళ్లలో నవ్వుతూ.

లింబాద్రి తల దించుకున్నాడు. "పదకొండు అమ్మిన. ఒకటున్నది."

"తెలుసు. ఎన్నేళ్ల నుంచో తెలుసు. గుడ్డివాడిననుకున్నావా? ఆ పన్నెండోది నీదే, తీసుకుపో. లేకపోతే నీకు ఖురూజ్ ఎట్లా ఇస్తాను? పెట్టె ఖాళీ కావాలి కదా."

ఆ పెట్టె కథ తెలియాలంటే తొంభయ్యో సంవత్సరం ఎండాకాలానికి పోవాలి. అబూ సాలెహ్‌కు ఇంగ్లిషు చదవడం రాదు. విదేశీ కంపెనీ పంపిన బొమ్మల పుస్తకాన్ని లింబాద్రి చేతిలో పెట్టి, "నువ్వు చేపలవాళ్ల ఇంట్లో పుట్టినవాడివి, నీకంటే ఎవరికి తెలుస్తుంది? మంచివి చూసి గుర్తులు పెట్టు, తెప్పిస్తాను" అన్నాడు. లింబాద్రికీ ఇంగ్లిషు రాదు. కానీ అంత నమ్మకంగా అడిగితే రాదని చెప్పడానికి నోరు రాలేదు. మూడు సాయంత్రాలు గదిలో కూర్చుని పుస్తకం తిరగేశాడు. లావుపాటి కర్రలు, కుండంత రీళ్లు ఉన్న పేజీలు చకచకా దాటిపోయాడు. ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. దాని మీద ఒక ఏరు. మోకాలి లోతు నీళ్లు, నున్నటి రాళ్లు, నీళ్లలో నిలబడిన మనిషి, చేతిలో సన్నటి కర్ర. కింద ఎరగా వాడే వేలెడంత బొమ్మచేపలు. వాటిలో ఒకటి, రాళ్ల కింద దూరే ఎండ్రకాయ పిల్ల రంగులో ఉంది. ధర్మపురికి ఎగువన గోదావరి ఒడ్డు పల్లెలో పుట్టి, పోచంపాడు డ్యామ్ కట్టాక మడుగులు మడుగులుగా మిగిలిన నదిని వదిలి, వలను అటక మీద పెట్టి వచ్చిన మనిషి అతను. చేతికి ఏది నచ్చితే దానికి గుర్తు పెట్టాడు. అతని చేతికి నచ్చింది గోదావరి.

పెట్టె వచ్చేసరికి డిసెంబరు. అప్పటికే కువైట్ గొడవ మొదలై, ఊరంతా యుద్ధం మాటలు. పెట్టె విప్పితే పన్నెండు సన్నటి కర్రలు, పదుల కొద్దీ చిట్టి బొమ్మచేపలు, ఆరు పౌన్లు, ఎనిమిది పౌన్లు మోసే దారపు చుట్టలు. మనిషి నడుమంత చేపలు పడే ఎర్రసముద్రంలో వీటిని వేస్తే మొదటి గుంజుకే పుల్లల్లా విరుగుతాయి. అబూ సాలెహ్ నెత్తి కొట్టుకుని, అరిచి, ఆ మీదట తానే నవ్వేసి, "ఈ పెట్టె ఖాళీ అయ్యేదాకా నీకు ఖురూజ్ లేదు, విన్నావా?" అన్నాడు. అది కోపమో వేళాకోళమో లింబాద్రికి అప్పుడు అర్థం కాలేదు. రెండేళ్లకోసారి సెలవు మీద పోయి వచ్చినప్పుడు కూడా ఆ పెట్టె వైపు ఒకసారి చూసుకునేవాడు.

యుద్ధం మొదలైన వారంలోనే నోరిస్ దుకాణానికి వచ్చాడు. అమెరికా మనిషి, రిఫైనరీలో ఇంజినీరు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎండకు ఎర్రబడిన మెడతో ఉండేవాడు. భార్యను ఇంటికి పంపేసి తనొక్కడే ఉండిపోయాడు. భుజాన గ్యాస్ మాస్కు సంచి. గాలపుదారానికి కట్టే సీసపు గుండ్లు కొనడానికి వచ్చినవాడు ఆ పెట్టెను చూసి ముందు పగలబడి నవ్వాడు. తర్వాత ఒక కర్ర తీసి, దాని కొసను దూలానికి ఆనించి మెల్లగా వంచి, అలాగే చాలాసేపు నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయని లింబాద్రి తర్వాత చాలామందికి చెప్పాడు. అవి నిజంగా తిరిగాయి కూడా.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్న భాషలో ఇంగ్లిషు ముక్కలు, అరబ్బీ ముక్కలు, హిందీ ముక్కలు కలిసి ఉండేవి. మిగిలింది చేతులతో. దాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

"ఇవి సముద్రానికి కావు లైమూన్. మా ఏటి చేపకు. స్మాల్‌మౌత్ బాస్ అంటారు."

"ఎట్లుంటది సాబ్ అది?"

"తోమిన రాగి చెంబు రంగు. ఎర్ర కళ్లు. ఒంటి మీద నిలువు చారలు. రెండు కిలోలుంటే చాలా పెద్దదన్నమాట. కానీ గాలం తగిలిందా, నీళ్లలోంచి పైకెగిరి తల విదిలిస్తుంది. పది కిలోల చేప కూడా అంత పోరాడదు."

"మా కొర్రమట్ట లెక్క."

"మీ ఊళ్లో ఏరుందా?"

"ఏరు గాదు సాబ్, గంగ. మాకు గోదావరంటే గంగనే."

నోరిస్ ఏటి పేరు సస్కెహానా. లింబాద్రి దాన్ని నాలుగుసార్లు పలికి చూసి, ఇదంతా ఎందుకని, "మీ గంగ" అనడం మొదలుపెట్టాడు.

యుద్ధం సాగిన ఆ నలభై రోజులూ పడవలను సముద్రంలోకి పోనివ్వలేదు. కొనేవాళ్లు లేరు. నోరిస్ షిఫ్టు దిగి రోజూ వచ్చేవాడు. దుకాణం వెనక ఉప్పు తేలిన ఖాళీ నేల. ముప్పై అడుగుల దూరంలో వంటనూనె డబ్బా ఒకటి పెట్టి, బొమ్మచేప కొక్కేలు తుంచేసి, ఇద్దరూ దాన్ని డబ్బాలోకి విసిరేవాళ్లు. ఇసుకలో ఏరు లేదు, ఏట్లో చేప లేదు. అయినా నోరిస్ పాఠం ఆపలేదు. కర్ర ఆరున్నర అడుగులు చాలు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉండాలి. చేప తల విదిలిస్తే కొస వంగి ఆ విదిలింపును మింగాలి, లేకపోతే గాలం ఊడిపోతుంది. నీళ్లు తేటగా ఉంటే ఆరు పౌన్ల దారం, రాళ్లెక్కువైతే ఎనిమిది. చలికాలం చేప బద్ధకిస్తుంది, అప్పుడు ఎండ్రకాయ రంగు బొమ్మను రాళ్ల మీద ఈడ్చి ఈడ్చి ఆపాలి. వేసవిలో వెండిరేకు తిరిగేది పారే నీటికి అడ్డంగా లాగాలి. పొద్దుగూకే వేళ మాత్రం నీటి మీద తేలేది వేసి, ఊపిరి బిగపట్టి ఊరుకోవాలి.

ఒకరోజు సైరన్ మోగింది. నోరిస్ తన భార్య వదిలిపోయిన మాస్కును లింబాద్రికి తగిలించి, తనూ తగిలించుకుని, ఇద్దరూ వెనక గదిలో ఆ పెట్టె పక్కన కూర్చున్నారు. మాస్కులోంచి నోరిస్ ఏదో చెబుతూనే ఉన్నాడు. గుసగుసలు, ఈలలు తప్ప ఒక్క మాట అర్థం కాలేదు. లింబాద్రి అన్నిటికీ తల ఊపాడు. గంట తర్వాత అది ఊరికే పరీక్షకు మోగించిన సైరన్ అని తెలిసింది. ప్రాణభయంతో గడిపిన ఆ గంట తన బతుకులో హాయైన గంటల్లో ఒకటని లింబాద్రికి ఇప్పటికీ అనిపిస్తుంది. తను విసిరితే చూసి "శభాష్" అన్న మనిషి తండ్రి తర్వాత నోరిస్ ఒక్కడే.

యుద్ధం అయిపోయాక నోరిస్ మొదటి కర్ర కొన్నాడు, తమ్ముడి కోసం. మరుసటి వేసవి అల్లుడి కోసం ఇంకొకటి. అతని మాట విని సెలవు మీద ఇంటికి పోయే మిగతా ఇంజినీర్లు కూడా వచ్చేవాళ్లు. ఎవరి ఏరు ఎలాంటిదో, లోతెంతో, రాయా బురదా, చెయ్యి పెద్దదా చిన్నదా, అన్నీ అడిగి లింబాద్రి కర్ర, దారం, బొమ్మచేపలు ఏరి పెట్టేవాడు. ఆ చేపను కంటితో చూడని మనిషి దానికి గాలం ఎంచుతున్నాడని వాళ్లు నవ్వుకునేవాళ్లు. కానీ మళ్లీ వచ్చేవాళ్లు.

అమ్మే ప్రతి కర్రకూ లింబాద్రి చాటుగా ఒక పని చేసేవాడు. వాళ్ల ఇళ్లలో కొత్త వలకు పసుపు పెట్టి గంగమ్మకు మొక్కకుండా నీళ్లలో దించరు. అందుకని కర్ర మీద రీలు బిగించే చోట, బెండు పిడికి, పసుపు ముంచిన బొటనవేలితో ఒక చుక్క పెట్టేవాడు. రీలు బిగిస్తే కనబడదు. నోరిస్ ఒకసారి దాన్ని కనిపెట్టి ఇదేమిటన్నాడు. లింబాద్రి చెప్పాడు. "అమ్మేవాటికి నేను పెడ్త సాబ్. మన సొంతదానికి మనం పెట్టొద్దు. ఇంటి ఆడమనిషి నీళ్ల ఒడ్డున పెట్టాలె." నోరిస్ ఆ తర్వాత ఏ కర్ర కొన్నా పిడి తిప్పి చూసి, "గంగ మార్క్ ఉంది" అని తృప్తిగా తల ఊపి తీసుకునేవాడు.

పన్నెండోదానికి చుక్క లేదు. అది ముత్యవ్వ పెట్టాలి.

మధ్యాహ్నం నమాజు వేళకు షట్టరు సగం దించి, అన్నం తిని, మళ్లీ ఎత్తాడు. కాసేపటికి నోరిస్ వచ్చాడు. ఆర్నెల్లుగా కనబడలేదు. జుట్టంతా తెల్లబడింది. కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని ఉన్నాడు. బయటికి తీశాక తెలిసింది, మణికట్టు దగ్గర సన్నగా వణుకుతోంది.

"నా కాంట్రాక్టు అయిపోయింది లైమూన్. రేపు తెల్లవారే విమానం. ఇంటికి."

"నేను గూడ ఈ దినమే పోతున్న సాబ్."

ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఏళ్లతరబడి ఒకే బస్టాపులో నిలబడ్డ ఇద్దరికి ఒకే రోజు బస్సు వచ్చినట్టుంది.

"నాకొక రాడ్ కావాలి" అన్నాడు నోరిస్, సంచిలోంచి తన పాత రీలు తీసి బల్ల మీద పెడుతూ. "అందరికీ కొనిచ్చాను, నాకే లేదు. పాతది విరిగింది. మా ఏటికి నేను ఇంకెన్నాళ్లు పోతానో తెలీదు, ఈ చెయ్యి చూశావుగా."

లింబాద్రి వెనక గది వైపు చూడకుండా బల్ల తుడిచాడు. "ఖలాస్ సాబ్. అవి అయిపోయినయ్" అన్నాడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

"సరేలే" అని నోరిస్ సముద్రపు కర్రలున్న పీపా దగ్గరికి పోయి, ఒకటి తీశాడు. ఏడడుగులది, బరువైనది. ఎత్తి పట్టుకునేసరికి వణుకు కర్ర పొడవునా పాకి, కొస తేలు తోకలా అల్లాడింది. "ఇది చాలు. పన్నెండు పౌన్ల దారం వేసుకుంటే..."

లింబాద్రి చూడలేకపోయాడు. కొస మెత్తగా ఉండాలని, సన్న దారం వేయాలని నలభై రోజులు నూరిపోసిన మనిషి, జన్మలో చేప పట్టని వాడిలా ఎంచుకుంటున్నాడు. ఆ కర్రతో ఏట్లో నిలబడితే గంటలో చెయ్యి పడిపోతుంది. రాగి రంగు చేప తగిలినా అతనికి తెలియను కూడా తెలియదు. ఒకవైపు మడుగు, కొర్రమట్ట, ముత్యవ్వ నవ్వు. ఇంకోవైపు ఆ అల్లాడే కొస. పదకొండేళ్లలో ఎవరినీ తప్పు కర్రతో దుకాణం దాటనివ్వలేదు. ఈయన్ను ఎట్లా దాటనిస్తాడు?

"అది పెట్టున్రి సాబ్. అది మీ చేపకు గాదు."

వెనక గదిలోకి పోయాడు. అట్టపెట్టె పక్కకు జరిపి, మూలన ఉన్న కర్రను తీసి, దుమ్ము తుడిచి, పైపును కూడా చంకన పెట్టుకుని వచ్చాడు. నోరిస్ కర్రను అందుకుని మోచేతిని నడుముకు ఆనించాడు. తేలికైన కర్ర కావడంతో వణుకు పిడి దగ్గరే ఆగిపోయింది. కొస నిలకడగా నిలబడింది.

ఆ తర్వాత అరగంట లింబాద్రి తన పని తాను చేశాడు. ఆరు పౌన్ల దారం అడిగితే ఇవ్వలేదు. "ఆరు మీ పాత చేతికి. ఇప్పుడు ఎనిమిది." నోరిస్ ముఖం చిన్నబోయింది, తర్వాత నవ్వాడు. లింబాద్రి దారాన్ని పెదవి మీదుగా లాగి చూసుకుంటూ రీలుకు చుట్టాడు. బొమ్మచేపలు పది ఇవ్వకుండా మూడే ఏరాడు: ఎండ్రకాయ రంగుది, వెండిరేకుది, సాయంత్రం తేలేది. మార్చినప్పుడల్లా ముడి వేయడం ఆ వేళ్లకు కష్టమని, దారం చివర చిన్న కొండి కట్టి, బొమ్మను దానికి తగిలించి తీసేలా చేశాడు. తగిలించి చూడమన్నాడు. నోరిస్ రెండుసార్లు తప్పి మూడోసారి తగిలించాడు. ఎండ్రకాయ రంగు బొమ్మ కొండికి వేలాడింది.

రీలు బిగించబోతూ నోరిస్ అలవాటుగా పిడి వైపు చూశాడు. బెండు తెల్లగా, శుభ్రంగా ఉంది.

"గంగ మార్క్ ఏదీ?"

"మర్సిపోయిన సాబ్."

నోరిస్ లింబాద్రి ముఖం చూశాడు. లోపల గుడ్డ అతికించిన ఆ పైపును చూశాడు. మళ్లీ తెల్లటి బెండును చూశాడు. లింబాద్రి తల ఎత్తకుండా వెనక వంటమూలకు పోయి, చిటికెడు పసుపు నీళ్లతో తడిపి తెచ్చి, బొటనవేలితో గట్టిగా చుక్క పెట్టాడు. పెడుతున్నప్పుడు కళ్లు మండాయి. గంగమ్మా, ఈయన గంగ గూడ నువ్వే గదా, అనుకున్నాడు. ఆ మాటతో కొంత నెమ్మదించింది. కొంతే.

"నేను సర్దుకుంటాను" అన్నాడు నోరిస్ రీలు బిగిస్తూ. "పాత రోజుల్లో తాగేవాళ్లం కదా, ఆ పక్క హోటల్ టీ, అది పట్టుకొస్తావా?"

లింబాద్రి రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి నోరిస్ పైపుకు రెండు మూతలూ బిగించి, చంకన పెట్టుకుని, వీధి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. టీ నిలబడే తాగాడు. కారు దాకా పైపు మోసుకొస్తానని లింబాద్రి అంటే వద్దన్నాడు.

"మీ గంగలో నీళ్లున్నాయా ఈ ఏడాది?"

"ఉన్నయట సాబ్. డ్యాం గేట్లు ఎత్తిన్రట."

"మంచిది." నోరిస్ ఎడమ చేత్తో అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "పోయేముందు నీ సామానంతా ఒకసారి చూసుకో లైమూన్. ఏదీ మర్చిపోవద్దు."

"నా సామాను ఎప్పుడో బండిల ఎక్కింది సాబ్."

నోరిస్ ఒకసారి వెనక గది వైపు చూసి, వెళ్లిపోయాడు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక లింబాద్రి దుకాణం ఊడ్చాడు. పీపాలో కర్రలను పొడవు ప్రకారం నిలబెట్టాడు. కత్తెరను జేబులోంచి తీసి బల్ల సొరుగులో పెట్టాడు. వెనక గదిలో లైటు ఇంకా వెలుగుతోంది. గుమ్మం దగ్గర నిలబడి, ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి ఒక్కటే లోపలికి చాచి స్విచ్చి ఆపేశాడు. ఆ మూల ఖాళీగా ఉండటం చూడబుద్ధి కాలేదు.

వ్యాను ఊరు దాటి జెద్దా దారి పట్టాక మస్తాన్ వలీ అడిగాడు.

"అన్నా, పైపు యాడ?"

"ఇచ్చేసిన."

"ఎవురికి?"

"నోరిస్ సాబ్‌కు. ఆ కట్టె ఆయన చేపకు పుట్టిందే."

"ఎనిమిదేండ్లు దాపెట్టి, ఆఖర్రోజు ఇచ్చేస్తివా? నీకేమన్నా మతి ఉండాదా?" మస్తాన్ వలీ నిజంగానే కోప్పడ్డాడు. "మల్లా వదినకేం జెప్తావు?"

"ఉన్నదే జెప్త. రెండు దినాలు తిడ్తది." కుడివైపు సముద్రం మీద ఎండ వాలుతోంది. లింబాద్రి దాన్నే చూస్తూ ముఖం తుడుచుకున్నాడు. "వెదురు మనకాడ లేదా ఏంది. చెయ్యయితే నాదే గదా" అన్నాడు.

జెద్దాలో విమానాశ్రయం గుమ్మం దగ్గర ఇద్దరూ అలాయ్ బలాయ్ తీసుకున్నారు. లింబాద్రి ఒక చేతిలో బ్యాగు, రెండో చేతిలో ఏమీ లేకుండా లోపలికి నడిచాడు. రెండో చెయ్యి ఏదో పట్టుకున్నట్టు కొంచెం ముడుచుకునే ఉంది. అద్దాల తలుపు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసి, జనంలో కలిసిపోయాడు.

శుక్రవారం సెలవు పోయాక, శనివారం పొద్దున దుకాణం తెరిచింది మస్తాన్ వలీ. కొత్త మనిషి వచ్చేదాకా ఆ పని కూడా అతని మీదే పడింది. చీపురు కోసం వెనక గదిలోకి పోయి లైటు వేశాడు. అట్టపెట్టె వెనక మూలన, ఎప్పుడూ ఉండే చోటనే, కర్ర నిలబడి ఉంది. దానికి నోరిస్ పాత రీలు బిగించి ఉంది. దారం కొస దాకా ఎక్కించి ఉంది. మస్తాన్ వలీకి ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమయ్యాక, "అయ్యో అన్నా" అని అట్టపెట్టె మీద కూలబడ్డాడు. ఆ అమెరికా ఆయన ఖాళీ పైపు చంకన పెట్టుకుని పోయాడన్నమాట. ఆ పాటికి ఇద్దరూ ఎవరి గంగ ఒడ్డుకు వాళ్లు చేరి ఉంటారు.

ఆ తర్వాత జగిత్యాల వైపు, నిజామాబాద్ వైపు పోయే ప్రతివాడినీ అడిగి చూశాడు. అందరికీ దుప్పట్లున్నాయి, టేప్‌రికార్డర్లున్నాయి, బరువు మించిన పెట్టెలున్నాయి. ఒక చేపల కట్టె కోసం ఎవరూ చెయ్యి ఖాళీ చేసుకోలేదు. ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చుని, ఏమని రాయాలో తోచక లేచాడు. అమ్మడానికి మాత్రం మనసొప్పలేదు. ఎవరైనా బేరమాడితే అది అమ్మేది కాదని చెప్పి పంపేసేవాడు.

కర్ర ఆ మూలనే ఉంది. ఎండ్రకాయ రంగు బొమ్మ కొండికి వేలాడుతోంది. ఎనిమిది పౌన్ల దారం మీద సన్నగా దుమ్ము పేరింది. రీలు అడుగు అంచు కింద నుంచి, లింబాద్రి బొటనవేలితో పెట్టిన పసుపు కొంచెం బయటికి కనిపిస్తోంది.